నూట యాభై మందికి రాశాను, ఒక్కరూ పలకలేదు

ప్రశ్న: నేను బీకాం చదివాను. 2013 నుంచి 2019 వరకు కాకినాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూశాను. బాబు పుట్టాక మానేశాను. మావారికి ట్రాన్స్‌ఫర్ అవడంతో హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో ఉంటున్నాం. బాబు స్కూలుకి వెళ్తున్నాడు కాబట్టి మళ్లీ ఉద్యోగం చేద్దామని ఉంది. ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. లింక్డిన్‌లో ఖాతా తెరిచి నాలుగు నెలల్లో నూట యాభై మందికి పైగా రిక్వెస్ట్ పెట్టాను. ‘సర్, నాకు ఉద్యోగం కావాలి, ప్లీజ్ రిఫర్ చేయండి’ అని అందరికీ ఒకటే మెసేజ్. చాలామంది యాక్సెప్ట్ చేశారు గానీ ఒక్కరూ జవాబివ్వలేదు. ‘ముక్కూమొహం తెలియనివాళ్ల కాళ్లు పట్టుకోవడం ఎందుకు’ అంటున్నారు మా ఆడపడుచు. నాకూ చిన్నతనంగానే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఇక్కడ నాకు ఎవరూ తెలియదు’ అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. ఆరేళ్లు ఆడిటర్ ఆఫీసులో పనిచేసిన మనిషికి ఎవరూ తెలియకపోవడం ఉండదమ్మా.

ఒక్కసారి ఆ ఆఫీసు గుర్తు తెచ్చుకోండి. ఆర్టికల్స్, అంటే సీఏ కోర్సులో భాగమైన శిక్షణ, చేయడానికి వచ్చిన పిల్లలు మీ పక్కనే కూర్చుని వోచర్లకు టిక్కులు పెట్టి ఉంటారు. ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ ఎలా వేయాలో వాళ్లలో కొందరికి మీరే చూపించి ఉంటారు. వాళ్లు ఈపాటికి సీఏలై హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చిన కొత్తలో, పోర్టల్ మొరాయిస్తుంటే మీతోపాటు రాత్రి దాకా కూర్చున్నవాళ్లు ఉంటారు. బిల్లుల కోసం మీరు ఫోన్లు చేసిన క్లయింట్ల అకౌంటెంట్లు ఉంటారు. మీ బీకాం క్లాసు సరేసరి. ఈ పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ముప్పై పేర్లు తేలకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి. లింక్డిన్‌లో మీరు వెతకాల్సింది వీళ్లని.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్లో ఉద్యోగం మారినవాళ్లను కలిసి వివరాలు సేకరించి 1973లో ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ చెప్పిన మనిషిని తరచుగా కలుస్తున్నవాళ్లు నూటికి 17 మందే. మిగతావాళ్లకు చెప్పింది ఎప్పుడో ఒకసారి కనిపించేవాళ్లు. ఎందుకంటే మన ఇంట్లోవాళ్లకు, ప్రాణ స్నేహితులకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కాస్త దూరం నుంచి రావాలి. లింక్డిన్‌లోనే రెండు కోట్ల మంది మీద ఐదేళ్ల పాటు జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అందులో ఎక్కువగా పనికొచ్చినవి మరీ దగ్గరివీ మరీ దూరపువీ కాని, మధ్యరకం పరిచయాలు. మీ నూట యాభై మందీ మరీ దూరం. మీ ఆర్టికల్స్ పిల్లలు సరిగ్గా మధ్యలో ఉన్నారు.

ఇక ఏం రాయాలి? ‘ఉద్యోగం ఇప్పించండి’ అంటే ఆ మనిషి ఏమీ చేయలేక, ‘లేదు’ అనడానికి మొహమాటపడి ఊరుకుంటారు. ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగింది అడగండి. మీ రంగంలో అలాంటివి బోలెడు ఉన్నాయి. మీరు మానేశాక 2020లో ట్యాలీ ప్రైమ్ వచ్చింది, అదే ఏడాది జీఎస్టీఆర్-2బీ (మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులను బట్టి జీఎస్టీ పోర్టల్ ఇచ్చే స్టేట్‌మెంట్) మొదలైంది. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవాళ్ల దాకా వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లే మారిపోయాయి. కాబట్టి ఇలా రాయొచ్చు:

‘నమస్తే. 2016లో మీరు కాకినాడలో ఆర్టికల్స్ చేస్తున్నప్పుడు నేను అక్కడే అకౌంట్స్‌లో ఉండేదాన్ని. మళ్లీ పనిలోకి వద్దామనుకుంటున్నాను. కొనుగోళ్లను 2బీతో సరిచూడటం ఇప్పుడు మీ దగ్గర ఎక్సెల్‌లో చేస్తున్నారా, ట్యాలీలోనేనా? చెబితే ముందు అది నేర్చుకుంటాను.’

తెలుగులో రాయండి, మామూలు ఇంగ్లిషులో రాయండి, ఏదైనా ఫర్వాలేదు. పాతికేళ్లుగా నేను చేస్తున్నది మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనే. ఇలాంటి మెసేజ్ వస్తే భోజనం మధ్యలో ఉన్నా జవాబిస్తాను. పని తెలిసిన మనిషి అని ఆ ఒక్క ప్రశ్నలోనే తెలిసిపోతుంది. వారానికి నలుగురైదుగురికి రాస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

2009 మొదట్లో నేను పనిచేస్తున్న కంపెనీలో కోతలు పెట్టారు. కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయినప్పుడు తీసుకునేవాళ్లతో పనేముంది, మా విభాగమే ముందు పోయింది. ఇంటి లోన్ కట్టాలి, పాప ఒకటో తరగతి. 2006లో పుణెలో రెండు రోజుల ట్రైనింగ్‌లో పరిచయమైన ఒకాయనకు లింక్డిన్‌లో రాశాను. బేగంపేటలో ఫలానా చోట ఖాళీ ఉందని, ఎవరిని కలవాలో కూడా చెప్పారు. మూడు వారాల్లో చేరిపోయాను. కొత్త చోట పనిలో పడి, ఆయనకు ఆ మాట చెప్పనేలేదు. ఎనిమిది నెలల తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిసి ‘చేరారట కదా, సంతోషం’ అని ఒక్క వాక్యం పంపారు. ఆ వాక్యం చదివినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. తర్వాత క్షమించమని రాశాను. పెద్దమనసుతో జవాబిచ్చారు. అయినా మా మధ్య ఆ చనువు మళ్లీ రాలేదు.

అందుకే, ఎవరు ఏ చిన్న మాట చెప్పినా నోట్‌బుక్‌లో ఆ పేరు పక్కన తేదీ వేసి రాసుకోండి. పని అయినా కాకపోయినా ఏమైందో వెళ్లి చెప్పండి. ‘మీరన్నట్టు 2బీ నేర్చుకున్నాను, ఒక ఇంటర్వ్యూలో అదే అడిగారు, సెలెక్ట్ కాలేదు’ అని రాసినా చాలు. నేను పది మందికి దారి చెబితే మళ్లీ వచ్చి కబురు చెప్పేది ఒకరో ఇద్దరో. ఎక్కడైనా ఖాళీ పడిందని తెలియగానే నాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే. రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపక్కర్లేదు. లింక్డిన్ చూపించే ‘కంగ్రాట్స్’ బటన్ నొక్కడం వల్ల పెద్దగా ఒరిగేదీ లేదు. రెండు మూడు నెలలకోసారి, నిజంగా చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడు రాయండి. వాళ్ల ఆఫీసులో అకౌంటెంట్ కోసం వెతుకుతుంటే, మీకు కుదరకపోయినా మీకు తెలిసిన మంచి మనిషి పేరు చెప్పండి.

మీ ఆడపడుచు గారి మాట సంగతి. కాకినాడలో బాబుకు జ్వరం వస్తే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో పక్కింటావిణ్ణి అడిగి ఉంటారు కదా. అప్పుడు ఆవిడ కాళ్లు పట్టుకున్నట్టు మీకు అనిపించిందా? ఇదీ అంతే. ఆవిడకు కూర తక్కువైతే మీరు గిన్నెతో ఇచ్చి ఉంటారు కూడా.

ఒక జాగ్రత్త. పని మాటలు వదిలేసి రాత్రిపూట ‘ఏం చేస్తున్నారు’ అని మొదలుపెట్టేవాళ్లు తగులుతారు. వాళ్లకు జవాబివ్వకుండా బ్లాక్ చేయండి. అలా చేస్తే అవకాశం పోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. అలాంటివాళ్ల దగ్గర ఉద్యోగాలు ఉండవు.

ప్రశ్న: బీటెక్ పూర్తయింది. లింక్డిన్‌లో పరిచయమైన ఒక రిక్రూటర్ రెండు వారాలుగా చాలా బాగా మాట్లాడుతున్నారు. ఆఫర్ లెటర్ రెడీ అయిందని, ల్యాప్‌టాప్ డిపాజిట్‌గా 15,000 రూపాయలు ఫోన్‌పేలో పంపమంటున్నారు. తర్వాత వెనక్కి ఇస్తారట. పంపవచ్చా?
– ఒక నిరుద్యోగి, వరంగల్

జవాబు: పంపకండి బాబూ. రిక్రూటర్‌కు డబ్బు ఇచ్చేది కంపెనీ. ఇన్నేళ్లలో ఉద్యోగం కోసం వచ్చిన ఒక్కరి దగ్గరా నేను రూపాయి తీసుకోలేదు. ఆ కంపెనీ వెబ్‌సైట్ మీరే తెరిచి, అక్కడున్న నంబర్‌కు ఫోన్ చేసి ఈ ఆఫర్ గురించి అడగండి. ఆయన ఇచ్చిన నంబర్‌కు మాత్రం చేయకండి. ఈలోపే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబర్ అది, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. మీ చాట్ అంతా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాకే ఆ ప్రొఫైల్‌ను రిపోర్ట్ చేయండి.