హెపటైటిస్-బి మాత్రలు మూత్రపిండాలకు చేటా?

ప్రశ్న: మా నాన్నగారు హెపటైటిస్-బికి టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ వాడుతున్నారు. అది కిడ్నీలను పాడుచేస్తుందని ఎవరో చెప్పగా మానేస్తానంటున్నారు. మోకాళ్ల నొప్పులకు శ్రీకాకుళంలో రాసిచ్చిన డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, డాక్టరును అడగకుండా టెనోఫోవిర్ మాన్పించకండి. ఉన్నట్టుండి ఆపితే వైరస్ తిరగబెట్టి, ప్రాణాపాయం కలిగేంతగా కాలేయం దెబ్బతినవచ్చు.

ఈ కోవ మందులు డీఎన్‌ఏ ముడిసరుకును పోలి ఉండి, వైరస్ తన ప్రతిని తయారుచేసుకునేటప్పుడు అందులో చొరబడి ఆ పనిని అడ్డుకుంటాయి. వాటిలో కొన్ని మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియానూ దెబ్బతీస్తాయి. 1993లో అమెరికాలో ఈ కోవకే చెందిన ఫియాలురిడిన్‌ను 15 మంది హెపటైటిస్-బి రోగులకు ఇచ్చి పరీక్షించినప్పుడు ఐదుగురు మరణించారు; మరో ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. తలచుకుంటే ఇప్పటికీ బాధ కలిగించే ఘటన అది. టెనోఫోవిర్‌కు మైటోకాండ్రియాను దెబ్బతీసే ఆ గుణం చాలా తక్కువ. అయితే మూత్రపిండాల్లోని సూక్ష్మనాళికల కణాలు దానిని రక్తం నుంచి లాక్కుంటాయి కనుక, కొందరిలో అక్కడ పేరుకుని, ఫాస్ఫేట్ మూత్రంలో పోయి ఎముకలు బలహీనపడతాయి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది డైక్లోఫెనాక్. ఈ రెండూ కలిస్తే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, నొప్పికి వేరే ఉపాయం అడగండి. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే పదార్థం), ఫాస్ఫేట్, మూత్రంలో ప్రోటీన్, చక్కెర పరీక్షలు చేయించండి. తేడా కనిపిస్తే మోతాదు తగ్గించడమో, హెపటైటిస్-బికే వాడే ఎంటెకావిర్‌కో టెనోఫోవిర్ అలాఫెనమైడ్‌కో మార్చడమో డాక్టరు నిర్ణయిస్తారు. బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా రెండు చోట్ల చీటీలూ వెంట తీసుకువెళ్లండి.