ఏ ఆల్బమ్ ముందు వినాలి? జపాన్ యానిమేషన్ సినిమాల సంగీతంపై పాఠకుల ప్రశ్నలు

సినిమా నేపథ్య సంగీతం సేకరించేవాళ్లు తమ సందేహాలు రాయమని పోయిన సంచికలో అడిగాం. ఇళయరాజా గురించే ఎక్కువ వస్తాయనుకున్నాం గానీ వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు జపాన్ యానిమేషన్ సినిమాల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.

అన్నా, నేను హాస్టల్‌లో చదువుకునేటప్పుడు యూట్యూబ్‌లో 'జిబ్లీ ఆర్కెస్ట్రా' అని ఉండే రెండు మూడు గంటల వీడియోలు పెట్టుకుంటా. ఈమధ్య స్పిరిటెడ్ అవే సినిమా చూస్తే అదే ట్యూన్ వేరేగా, ఇంకా బాగా వినిపించింది. అసలుది ఏది? ఎక్కడ మొదలుపెట్టాలి?
*డిగ్రీ విద్యార్థి, హన్మకొండ*

నీ చెవి సరిగ్గానే పట్టింది తమ్ముడూ. ఆ పొడుగు వీడియోల్లో చాలావాటిలో ఉండేది సినిమా కోసం వాయించింది కాదు, ఎవరో పియానో మీదో కీబోర్డు మీదో మళ్లీ వాయించి పెట్టింది. చదువుకునేటప్పుడు వెనకాల మోగడానికి పర్వాలేదు గానీ, వాయించింది ఎవరో, ఏ సంవత్సరమో రాయని దాన్ని మాత్రం నీ సేకరణలోకి రానివ్వకు. స్పిరిటెడ్ అవే (2001)కు సంగీతం రాసింది జో హిసాయిషి, వాయించింది న్యూ జపాన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా. ఆ సినిమా తీసిన జపాన్ యానిమేషన్ స్టూడియో పేరే జిబ్లీ, దాని సినిమాల ఆల్బములు 2020 ఫిబ్రవరిలోనే స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటి వాటిలోకి వచ్చేశాయి కాబట్టి అసలుది వినడానికి ఇప్పుడు రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు.

అయితే అక్కడ వెతకగానే నీకు ఇంకో అయోమయం ఎదురవుతుంది. ఒకే సినిమా పేరుతో రెండు మూడు ఆల్బములు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడే ఏదో ఒకటి నొక్కేసి వెళ్లిపోతారు, ఈ సంగీతంలో అన్నింటికన్నా పసందైన సంగతి అక్కడే జారిపోతుంది. మన దగ్గర ఎట్లా చేస్తారు? పాటల ట్యూన్లు షూటింగ్‌కు ముందే అయిపోతాయి, రీ-రికార్డింగ్ మాత్రం ఎడిటింగ్ పూర్తయ్యాక, బొమ్మ చూస్తూ చేస్తారు. హిసాయిషి, దర్శకుడు హయావో మియాజాకి చాలా సినిమాలకు పాటించిన పద్ధతి వేరు. సినిమా ఇంకా తయారవుతుండగానే కథ, పాత్రలు, ఊళ్లు, గాలి, అడవి వీటి గురించి దర్శకుడు చెప్పిన మాటలు పట్టుకుని సంగీత దర్శకుడు ఒక ఆల్బమ్ మొత్తం చేసేస్తాడు. దాన్ని ఇమేజ్ ఆల్బమ్ అంటారు. ఆ తర్వాత సినిమా కోసం అసలు సంగీతం, అంటే సౌండ్‌ట్రాక్. సినిమా విడుదలయ్యాక ఇంకొన్నిటికి సింఫనిక్ సూట్, అంటే అవే ట్యూన్లను కచేరీ హాల్లో వాయించడానికి పెద్ద ఆర్కెస్ట్రాకు మళ్లీ రాసుకున్నది.

హిసాయిషికి జిబ్లీ దారి దొరికింది కూడా ఇట్లా చేసిన ఒక ఇమేజ్ ఆల్బమ్ వల్లనే. 1984లో వచ్చిన నౌసికా సినిమాకు ముందు, 1983లో, అప్పటికి పెద్దగా పేరులేని ఆయనతో రికార్డు కంపెనీ ఇమేజ్ ఆల్బమ్ చేయించింది. అది విన్నాకే సినిమా పని కూడా ఆయన చేతికి వచ్చింది.

ఇక నువ్వు మొదలుపెట్టాల్సింది హౌల్స్ మూవింగ్ కాజిల్ (2004)తో అంటాను. దాని ఇమేజ్ ఆల్బమ్‌ను చెక్ ఫిల్హార్మోనిక్‌తో ప్రాగ్‌లో చేశారు, సినిమా రాకముందే పూర్తి స్థాయి సింఫనిక్ సూట్‌గా. అది మొదటినుంచి చివరి దాకా విను. ప్రపంచమంతా ఈల వేసే ఆ సినిమా వాల్ట్జ్ (మూడేసి లెక్కల నాట్య సంగీతం), 'మెర్రీ గో రౌండ్ ఆఫ్ లైఫ్', అందులో ఎక్కడా ఉండదు! ఆ ట్యూన్ తర్వాత పుట్టింది. సినిమా అంతటా ఒకే ట్యూన్ తిరుగుతూ ఉండాలని మియాజాకి కోరితే హిసాయిషి కొత్తగా కట్టాడు. ఇప్పుడు సౌండ్‌ట్రాక్ పెట్టు. అదే వాల్ట్జ్ ఒకచోట ఒంటరి పియానోగా, ఒకచోట ఊరేగింపులా, ఒకచోట అరక్షణం తొంగిచూసి పోయేట్టుగా వస్తూనే ఉంటుంది, కథానాయిక సోఫీ ముసలిదైనా పడుచుదైనా అదే ట్యూన్ ఆమెను పట్టుకుని ఉంటుంది. ముందు ప్రాగ్ ఆల్బమ్ విన్నవాడికి, దర్శకుడి ఒక్క కోరిక సంగీతాన్ని ఎంత మార్చేసిందో చెవికే తెలిసిపోతుంది. ఇది ఎవరూ వివరించి చెప్పగలిగేది కాదు.

ఆ తర్వాత ప్రిన్సెస్ మోనోనోకే. 1996లో ఇమేజ్ ఆల్బమ్, 1997లో సౌండ్‌ట్రాక్, 1998లో చెక్ ఫిల్హార్మోనిక్ వాయించిన సింఫనిక్ సూట్, ఇవి మూడూ వరసగా. టైటిల్ పాట పాడింది ఆడగొంతు అనుకుంటారు చాలామంది. పాడింది యోషికాజు మెరా, మగ గాయకుడు, కౌంటర్‌టెనర్, అంటే ఆడగొంతు స్థాయిలో పాడే మగవాడు.

పాతిక సినిమాల ప్లేలిస్టు కన్నా ఒక్క సినిమాకు ఉన్న అన్ని రూపాలూ ఒక క్రమంలో వినడం మేలని నా గట్టి నమ్మకం. ఒకటి పూర్తయ్యాకే ఇంకోదానికి వెళ్లు.

పాటలు లేవు, మాటలు లేవు. తెరమీద బొమ్మ కూడా లేకుండా ఉత్త నేపథ్య సంగీతం ఇంట్లో కూర్చుని ఎందుకు వినాలండీ? మా అబ్బాయి రోజంతా అదే పెడుతున్నాడు.
*రిటైర్డ్ ఉపాధ్యాయులు, జనగామ*

సార్, మీకు ఈ ప్రశ్న రావడంలో తప్పేం లేదు. మన సినిమాల క్యాసెట్టు కొంటే అందులో పాటలే ఉండేవి. రీ-రికార్డింగ్ హాల్లోనే వినాలి, హాలు దాటితే దొరికేది కాదు. అందుకే మన చెవికి అది విడిగా వినే వస్తువు కాకుండా పోయింది. ఈమధ్యనే బాహుబలి లాంటి కొన్నింటికి నేపథ్య సంగీతం విడిగా బయటికి వచ్చింది. జపాన్‌లో ఈ అలవాటు పాతది. స్పేస్ బాటిల్‌షిప్ యమాటో అనే టీవీ యానిమేషన్ సీరియల్ సంగీతాన్ని హిరోషి మియాగావా 1977లోనే పూర్తి సింఫనిక్ సూట్‌గా ఎల్పీ మీద తెచ్చాడు, ఆ తర్వాత యానిమేషన్ సంగీతాన్ని ఆర్కెస్ట్రా రికార్డుగా తేవడం అక్కడ మామూలైపోయింది.

మీరు ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' వినే ఉంటారు, 1986లో వచ్చింది, అందులో సినిమా లేదు, మాటలు లేవు. దాన్ని ఎందుకు విన్నారో దీన్నీ అందుకే వినొచ్చు. ఇంకో సంగతి. 2023లో హిసాయిషి తన జిబ్లీ సంగీతాన్ని 'ఎ సింఫనిక్ సెలబ్రేషన్' పేరుతో లండన్ రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. 2025 మార్చిలో లండన్‌లో ఇళయరాజా సింఫనీ 'వాలియంట్'ను వాయించింది కూడా ఆ ఆర్కెస్ట్రా కుటుంబానికే చెందిన రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా. ఒక సాయంత్రం మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మీరు ఇళయరాజాను వినిపించండి, అతను హిసాయిషిని వినిపిస్తాడు.

హిసాయిషి తప్ప ఇంకెవరూ లేరా అన్నా? ఎక్కడ చూసినా ఆయన పేరే.
*రైల్వే ఉద్యోగి, కాజీపేట*

ఉన్నారు, బోలెడుమంది. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ (1988) సంగీతం మిచియో మమియాది. ఆయన ప్రధానంగా కచేరీ సంగీతం రాసే మనిషి, అందుకే అందులో ఎక్కడా కన్నీళ్లు పిండే ప్రయత్నం ఉండదు, ఆ నిబ్బరమే మనల్ని ఎక్కువ కదిలిస్తుంది. విస్పర్ ఆఫ్ ది హార్ట్ (1995), ది క్యాట్ రిటర్న్స్ (2002) యూజీ నోమీవి. వెన్ మార్నీ వాజ్ దేర్ (2014) తకత్సుగు మురమత్సుది. యోకో కన్నోను తప్పకుండా వినండి, ఎస్కాఫ్లోన్ అనే టీవీ యానిమేషన్ సీరియల్ కోసం ఆవిడ వార్సా ఫిల్హార్మోనిక్ దగ్గరికి వెళ్లింది, కోరస్ ఒక్కసారిగా లేచే చోట ఒళ్లు జలదరిస్తుంది. అకీరా (1988) మామూలు ఆర్కెస్ట్రా కాదు, ఇండోనేషియా గామెలాన్ వాద్యాలూ జపాన్ సంప్రదాయ 'నో' నాటక గానమూ కలిపి గైనో యమాషిరోగుమి బృందం చేసింది. ఆర్కెస్ట్రా మాత్రమే సేకరిస్తానన్నవాళ్లు కూడా దీన్ని వదలొద్దు.

హిసాయిషి దగ్గరే ఇంకా వినాల్సింది ఉంది, అది కూడా చెప్పాలి. దర్శకుడు ఇసావో తకహతాకు ఆయన సంగీతం ఇచ్చిన సినిమా ఒక్కటే, ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా (2013). చివర్లో చంద్రలోకం వాళ్లు వచ్చే చోట దుఃఖానికి దుఃఖపు సంగీతం పెట్టలేదు, ఉల్లాసంగా మోగించాడు. ఎంత వింటే అంత లోతు తెలుస్తుంది.

జపాన్ సీడీలు కొనాలని ఉంది. ఆన్‌లైన్‌లో కొన్ని చాలా చవకగా ఉన్నాయి, కొన్ని వేలల్లో ఉన్నాయి. నకిలీ ఏదో ఎట్లా తెలుస్తుంది? కొన్నాక మన ప్లేయర్లో నడుస్తదా?
*మొబైల్ షాపు యజమాని, కరీంనగర్*

నడుస్తుంది. డీవీడీలకు ఉన్న రీజియన్ కోడ్ గొడవ ఆడియో సీడీలకు లేదు. ఒక్క జాగ్రత్త, 90లలో జపాన్‌లో 8 సెంటీమీటర్ల చిన్న సింగిల్ సీడీలు వచ్చేవి, వాటిని కారు ప్లేయర్ లాంటి నోట్లోకి లాక్కునే వాటిలో పెట్టొద్దు, ఇరుక్కుంటాయి.

నకిలీల విషయం కాస్త వివరంగా చెప్పాలి. తైవాన్ వైపు ముద్రించిన నకిలీ యానిమేషన్ సీడీలు ఒకప్పుడు ప్రపంచమంతా తిరిగాయి, అవే ఇప్పటికీ పాతవాటిలో కలిసి వస్తున్నాయి. చూడ్డానికి చక్కగా ఉంటాయి, అందుకే మోసపోతారు. అసలు జపాన్ సీడీ మీద కేటలాగ్ నంబరు ఉంటుంది. ఆ నంబరును రికార్డుల వివరాలు ఉండే వెబ్‌సైట్లు డిస్కాగ్స్‌లో గానీ వీజీఎండీబీలో గానీ వెతికితే ఏ కంపెనీ, ఏ తేదీ, ఎన్ని ట్రాకులు అన్నీ కనిపిస్తాయి. అమ్మేవాళ్లు పెట్టిన ఫొటోతో ఒక్కోటీ సరిపోల్చండి. జపాన్ హక్కుల సంఘం జాస్రాక్ ముద్ర డిస్క్ మీదో వెనక అట్ట మీదో ఉందా చూడండి. డబ్బా ఎడమ పక్కన చుట్టి ఉండే కాగితపు పట్టీని ఓబి అంటారు, ధర దానిమీదే అచ్చువేస్తారు, మామూలుగా 2,500 నుంచి 3,000 యెన్‌ల మధ్య. పాతవాటిలో ఓబి పోయి ఉండొచ్చు, అంతమాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు, కానీ ఓబి ఉన్నదానికి సేకరించేవాళ్ల దగ్గర విలువ ఎక్కువ. రెండు సినిమాల సంగీతం ఒకే డిస్కులో ఉందంటూ కేటలాగులో ఎక్కడా లేని కాంబినేషన్ కనిపిస్తే మాత్రం అటు చూడకండి.

ధర లెక్కలో ఒకటి మరిచిపోతారు. కస్టమ్స్ పన్ను పడితే సీడీ ధర మీద మాత్రమే కాదు, షిప్పింగ్ చార్జీ కూడా కలిపి లెక్కగడతారు. ఒక్కొక్కటిగా తెప్పిస్తే చార్జీలకే అయిపోతుంది కాబట్టి నలుగురు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టండి. మీకు షాపు ఉంది, మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇవి వినేవాళ్లు తప్పకుండా ఉంటారు, అడిగి చూడండి. వచ్చిన వెంటనే బయటి డ్రైవ్ పెట్టి కంప్యూటర్‌లోకి ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైళ్లుగా ఎక్కించుకుని, డిస్కును భద్రంగా దాచండి.

మా పాప వయొలిన్ నేర్చుకుంటోంది, ఎనిమిదేళ్లు. టోటోరో అంటే ప్రాణం. తనకు ఆర్కెస్ట్రాలో ఏ వాద్యం ఏదో తెలిసేలా ఏదైనా ఉందా?
*గృహిణి, మంచిర్యాల*

ఉందమ్మా, అచ్చంగా అందుకోసమే చేసిందే ఉంది. 'ఆర్కెస్ట్రా స్టోరీస్: మై నైబర్ టోటోరో' అని 2002లో హిసాయిషి చేసిన ఆల్బమ్. సినిమా ట్యూన్లతోనే ఒక్కో వాద్య కుటుంబాన్ని పిల్లలకు పరిచయం చేస్తుంది. జపనీస్ వ్యాఖ్యానంతో ఒకసారి, వ్యాఖ్యానం లేకుండా ఒకసారి, రెండూ అందులోనే ఉన్నాయి. ఆ వ్యాఖ్యానం చెప్పింది సినిమాలో నాన్న పాత్రకు గొంతు ఇచ్చిన షిగెసతో ఇతోయీ. మీరు వ్యాఖ్యానం లేనిది పెట్టి, పక్కన కూర్చుని "ఇప్పుడు మోగేది ఏంటి?" అని అడుగుతూ ఉండండి. వయొలిన్లు వచ్చే చోటు పాప ముందే కనిపెట్టేస్తుంది.

జపాన్ వాళ్లు తీసిన రామాయణం యానిమేషన్ సినిమాకు సంగీతం కూడా వాళ్లదేనా?
*ఇంటర్ విద్యార్థిని, హుజూరాబాద్*

కాదు చెల్లీ, మనవాడిదే. యుగో సాకో పూనుకుని తీసిన ఆ సినిమాకు సంగీతం వన్‌రాజ్ భాటియా ఇచ్చారు, శ్యామ్ బెనెగల్ సినిమాలకు పనిచేసిన ఆయనే. అసలు ఇంగ్లీషు రూపంలో పాటలు సంస్కృతంలో ఉంటాయి. 2025 జనవరిలో తెలుగులో కూడా హాళ్లలోకి వచ్చింది. హాల్లో తప్పిపోతే దొరికిన చోట చూడు, పాటల కోసమైనా.

హౌల్స్ మూవింగ్ కాజిల్ ఎల్పీ ఒకటి బహుమతిగా వచ్చింది. మా దగ్గర ఎండలు మీకు తెలుసు కదా. పాడవకుండా ఎట్లా పెట్టాలి?
*సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని*

మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, ఎల్పీ ప్లాస్టిక్ ఆ వేడికి మెల్లగా వంకర తిరుగుతుంది, ఒకసారి తిరిగితే మళ్లీ సరి కావడం చాలా కష్టం. పడమటి గోడకు ఆనించొద్దు, పై అటక మీద అసలే వద్దు, ఇంట్లో అన్నింటికన్నా వేడి అక్కడే చేరుతుంది. కారులో అరగంట కూడా వదలకండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా నిలువుగా, ఒరగకుండా నిలబెట్టాలి. వానాకాలంలో శత్రువు తేమ, అట్టకూ లోపలి కాగితానికీ బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి మార్చండి. గట్టిగా అతుక్కుపోయే పీవీసీ కవర్లు తీసేసి పాలిథిన్ లోపలి కవర్లు వేయండి. మీకు వచ్చింది సౌండ్‌ట్రాకో, ప్రాగ్ ఇమేజ్ ఆల్బమో రాయలేదు. అట్ట మీద ఆర్కెస్ట్రా పేరు చూసి రాయండి, రెండోది ఏది తెచ్చుకోవాలో చెప్తాను.