ఊరిని అడిగాకే అచ్చుకి ఇవ్వు

తమ్ముడూ,

రంపచోడవరం వైపు కొండరెడ్ల ఊళ్లో మందులిచ్చే పెద్దాయన గురించి నువ్వు రాసింది చదివాను. ఆయన మాట తీరు బాగా పట్టుకున్నావు. కానీ ఆకు పేరు, అది దొరికే చోటు, నూరే పద్ధతి అన్నీ పెట్టేశావు, అందుకని ఇప్పుడే అచ్చుకి ఇవ్వొద్దు. ‘ఆయనే రాసుకోమన్నాడు’ అన్నావు. ఆయనొక్కడు ఒప్పుకుంటే సరిపోతుందా?

కేరళ అగస్త్య కొండల్లో కాణి తెగవాళ్ల సంగతి చెప్తాను. 1987లో వృక్షశాస్త్రవేత్త పుష్పాంగదన్ గారి బృందానికి దారి చూపిస్తూ వెళ్లిన కాణీలు, ఏవో కాయలు తింటూ అలుపు లేకుండా కొండ ఎక్కేస్తున్నారు. అవేంటో మొదట చెప్పలేదు, అడగ్గా అడగ్గా ఆరోగ్యపచ్చ మొక్కను చూపించారు. దాంతో తిరువనంతపురం దగ్గరి వృక్ష పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందు తయారుచేసి, 1995లో ఒక కంపెనీకి లైసెన్స్ ఇచ్చింది. ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకే అన్నారు, ఆ డబ్బు కోసం 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. మన జీవవైవిధ్య చట్టం వచ్చింది 2002లో. ఏ చట్టమూ అడగకముందే పంచారు, ఆ పని మీద నాకు చాలా గౌరవం.

అయినా గొడవ తప్పలేదు. మొక్కను చూపించింది కొద్దిమంది, కాణీలేమో వేలమంది, దూరదూరపు గూడేల్లో ఉంటారు. వాళ్లలో వైద్యం చేసే ప్లాతులు కొందరు, మా విద్యను ప్రైవేటు కంపెనీకి ఎలా ఇస్తారని అభ్యంతరం చెప్పారు. వాళ్ల కోపం న్యాయమే అంటాను, ఎందుకంటే వాటా ఎంతన్నది తర్వాతి మాట, అసలు బయటపెట్టాలా వద్దా అని ముందు అడగాలి కదా.

కాబట్టి మళ్లీ వెళ్లు. రాసింది ఊళ్లో అందరి ముందూ చదువు, ఆడవాళ్లు కూడా ఉండేలా చూసుకో, ఆ మందు తెలిసిన పక్క ఊరివాళ్లనీ పిలువు. తీసెయ్యమన్నది తీసెయ్, బేరాలాడకు. మందు సంగతి వద్దు, మా పోడు పట్టాల గురించి రాయమంటే అదే రాయి. 1940ల్లో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉన్న మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, వాళ్ల ఆచారాలు రాసుకుని ఊరుకోలేదు, భూమి హక్కుల కోసం నిజాం సర్కారుతో మాట్లాడాడు, మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేయించాడు. అందుకే ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయనకూ, భార్య బెట్టీకీ వర్ధంతి చేస్తారు.

ఎడిటర్ తొందరపెడితే టెన్షన్ పడకు, నేను మాట్లాడతాను. పెద్దాయన పేరు వేయాలో వద్దో కూడా ఈసారే అడిగి రా.

మీ అన్న