నైట్రోజన్ పెట్టిన డ్రమ్‌లో ఎల్ఈఎల్ సున్నా ఎందుకు చూపించింది

డ్రమ్‌లో మండే గ్యాస్ ఉందా అని చూస్తే సున్నా వచ్చింది, మీటర్ పాడైందా అని అడిగారు కదా, మీటర్ పాడవలేదండీ. లోపల నైట్రోజన్ ఉండగా చూశారు కాబట్టే ఎల్ఈఎల్ (గ్యాస్ అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదులో ఎంత శాతం ఉందో చెప్పే అంకె) సున్నా వచ్చింది, మ్యాన్‌వే (మనిషి లోపలికి దిగే ద్వారం) తెరిచి గాలి తగిలాక 20 శాతం దాటిందన్నారు చూడండి, నమ్మాల్సింది దాన్నే. మామూలు మీటర్‌లో చిన్న వేడి పూస ఉంటుంది, అది గ్యాస్‌ని కాల్చి కొలుస్తుంది, ఆక్సిజన్ లేకపోతే కాలేదేముంది?

చాలామంది వదిలేసేది ఇక్కడే: ముందు ఆక్సిజన్ అంకె చూడాలి, ఆ తర్వాతే ఎల్ఈఎల్. ఆక్సిజన్ 10 శాతం కన్నా తక్కువుంటే ఆ సున్నాకి విలువే లేదు.

1. పర్మిట్ (లోపలికి దిగి పనిచేసే అనుమతి) ఆపేయండి, చుట్టుపక్కల హాట్ వర్క్ (వెల్డింగ్ లాంటి నిప్పు పని) కూడా.
2. నైట్రోజన్ వాల్వ్ మూస్తే చాలదు, బ్లైండ్ (పైపుని పూర్తిగా మూసేసే పలక) వెయ్యాలి.
3. బాగా వెంటిలేట్ చేశాక బయట నుంచే ట్యూబ్ దించి పైన, మధ్యలో, అడుగున చూడండి, ప్రతిచోటా అంకె నిలబడేదాకా ఆగండి. అడుగున మడ్డి ఉంటే కదిపినప్పుడల్లా గ్యాస్ లేస్తుంది, అందుకే పని జరుగుతున్నంతసేపూ మీటర్ లోపలే ఉండాలి.
4. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండి, ఎల్ఈఎల్, హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు) కూడా మీ పర్మిట్ లిమిట్‌లో ఉంటేనే మనిషిని పంపండి.

అప్పటిదాకా మ్యాన్‌వేలోకి తల పెట్టి తొంగిచూడనివ్వొద్దు, దయచేసి. నైట్రోజన్‌కి వాసన రాదు, ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కుప్పకూలిపోతాడు.