సీసపు బిళ్ళ

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మధ్యయుగాల ఇంగ్లండులో కాంటర్‌బరీ యాత్ర చేసొచ్చిన లండన్ చెప్పులు కుట్టేవాడు, యాత్ర గుర్తుగా టోపీ మీద వెండి బిళ్ళ, చివర్న దాన్ని థేమ్స్‌లోకి విసిరేసి మూఢనమ్మకం వదిలించుకోవడం. వాక్యం నీ చేతికి వచ్చింది. బిళ్ళే ఇంకా రాలేదు.

ముందు ఆ వెండి తీసెయ్. వెండి బిళ్ళలు ఉన్నవాళ్ళకి. నీవాడు కొన్నది తగరం, సీసం కలిపి రాతి అచ్చులో పోసిన చౌకరకం. వేళ్ళతో వంచితే వంగిపోతుంది. వెనక సన్నటి సూది ఉంటుంది, లేదా కుట్టుకోవడానికి అంచున చిన్న చిన్న కొక్కేలు. అది ఊడిపోయిందేమోనని దారంతా టోపీ తడుముకునే చెయ్యి రాయి. నీ రెండు పేజీల భక్తి కొట్టేసినా నష్టం లేదు.

తర్వాత, దాన్ని 'తాయెత్తు' అన్నావు. ఆ మాట చదవగానే నాకు మా ఊరి దర్గా, సాంబ్రాణి పొగ, మెళ్ళో నల్లతాడు కనబడ్డాయి. కాంటర్‌బరీ మాయమైంది. తాయెత్తుని చొక్కా లోపల దాస్తాం. బిళ్ళ పదిమందికీ కనబడాలి. కాపాడటం సరే, 'నేను వెళ్ళొచ్చాను' అని వీధికి చెప్పడం కూడా దాని పనే.

1170 డిసెంబరు 29న కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను అక్కడి పెద్ద చర్చిలోనే నరికారు. 1173లో పోపు పునీతుడిగా ప్రకటించాడు. నీవాడు వెళ్ళింది ఆయన సమాధికే. ఆయన రక్తం కలిసిందని చెప్పే నీళ్ళు చిన్న చిన్న బుడ్లలో యాత్రికులు తెచ్చుకునేవారు. అవీ ఈ లోహంతో చేసినవే. కొన్నిటి మీద లాటిన్‌లో ఒక వరుస ఉంటుంది: మంచివాళ్ళైన రోగులకు థామసే మేటి వైద్యుడు. ఆ 'మంచివాళ్ళైన' దగ్గర ఆగు. జ్వరం తగ్గకపోతే తప్పెవరిదో బుడ్డి మీదే తేల్చేశారు! నీవాడి పెళ్ళానికి తగ్గలేదనుకో, ఆ మాట ఇంట్లో ఎవరెవరిని చూస్తుంది? కథ అక్కడుంది.

జర్మనీలోని ఆఖెన్‌లో ఇంకో తమాషా. మరియమ్మ వస్త్రాన్ని ఏడేళ్ళకోసారి పైనుంచి చూపించేవారు. జనం తొక్కిసలాటలో తాకే వీల్లేక చిన్న అద్దాలు ఎత్తి పట్టేవారు, అందులో పడ్డ పుణ్యం అందులోనే నిలుస్తుందని. తర్వాత అచ్చుకి పేరుమోసిన గుటెన్‌బర్గ్ ఆ అద్దాలు చేయించే వ్యాపారంలో దిగాడు. 1439 యాత్రకని లెక్కేసుకుంటే అది కాస్తా 1440కి వాయిదా పడింది. నవ్వొస్తుంది కదా, అయినా ఎవరినీ ఎగతాళి చెయ్యబుద్ధి కాదు.

ఇక నీ ముగింపు. థేమ్స్ బురదలో ఇలాంటి బిళ్ళలు వందల కొద్దీ దొరికాయి. మొక్కుగా వేశారనేవాళ్ళున్నారు, చెత్తలో పోయాయనేవాళ్ళున్నారు. జ్ఞానోదయమై విసిరారని నేనెక్కడా వినలేదు. నా తొలి కథల్లో కూడా ఆఖరి పేరాలో అందరికీ జ్ఞానోదయమయ్యేది, అందుకే నీది చటుక్కున గుర్తుపట్టాను.

కొందరు బిళ్ళల్ని ప్రార్థన పుస్తకాల్లో కుట్టుకున్నారు. బిళ్ళ ఎప్పుడో పోయినా, కొన్ని పుటల మీద గుండ్రటి మచ్చ, చుట్టూ సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి. నీవాడి చేతిలో ఎలాగూ సూది ఉంది. తిరగరాసి పంపు. ఈసారి నల్ల సిరాతో, నా కళ్ళకి ఆ నీలం ఆనడం లేదు.

ఆశీస్సులతో.