క్లోనింగ్ సినిమా రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టు చివరిదాకా చదివాను. లాండ్రీ గదిలో ఛేజ్ చాలా బాగుంది. ఆవిరి పైపు పగిలాక ఎవరు ఎటున్నారో తెలియని ఆ ఘట్టాన్ని ముట్టుకోకు. కానీ నలభయ్యో పేజీలో గాజు తొట్టెలో తేలుతున్న ముప్పై ఏళ్ల మనిషి కళ్లు తెరిచి హీరో భార్యని పేరు పెట్టి పిలిచాడు చూశావా, అక్కడ కథ మీద నమ్మకం పోయింది. ఒక్క సీన్లో మూడు అబద్ధాలాడావు. మనిషి అచ్చుగుద్దినట్టు తయారయ్యాడు, ఆరు నెలల్లో ముప్పై ఏళ్లు పెరిగాడు, ఇంకొకడి జ్ఞాపకాలు కూడా వెంట తెచ్చుకున్నాడు. ప్రేక్షకుడు ఒక్క అబద్ధానికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు, అదీ మొదటి పావుగంటలో చెబితేనే. మూడింటికి ఒప్పుకోమంటే ఇక ఈ కథలో ఏదైనా జరగొచ్చని తేలిపోతుంది. ఏదైనా జరగొచ్చని తెలిశాక ఫైట్‌లో ఎవరి ప్రాణం గురించీ భయం వెయ్యదు.

ముందు క్లోనింగ్ నిజంగా ఎలా చేస్తారో కళ్లకు కట్టేలా తెలుసుకో. ఒకరి చర్మ కణం, ఇంకొకరి అండం కావాలి. మనిషి అండం మిల్లీమీటరులో పదో వంతు. మైక్రోస్కోపు కింద ఒక పక్క నుంచి మొద్దు మూతి పిపెట్ (సన్నటి గాజు గొట్టం) సన్నటి పీల్పుతో దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. రెండో పక్క నుంచి సూదిలాంటి పిపెట్ పైపొర దాటి లోపలికి వెళ్లి, క్రోమోజోములున్న కొద్ది భాగాన్ని మాత్రం పీల్చేస్తుంది. ఎక్కువ పీలిస్తే అండం చస్తుంది, తక్కువ పీలిస్తే పాత క్రోమోజోములు మిగిలిపోతాయి. పైగా ఆ దశలో అవి మామూలు వెలుతురులో కనిపించవు, పోలరైజ్డ్ కాంతిలో చూడాలి. ఖాళీ అయిన అండం పక్కన, పొర కిందే చర్మ కణాన్ని పెట్టి, చిన్న విద్యుత్ పల్స్‌తో రెండిటినీ కలిపేస్తారు. తర్వాత విద్యుత్తుతోనో రసాయనాలతోనో విభజన మొదలయ్యేలా ప్రేరేపిస్తారు. ఐదారు రోజులకి నూరు, నూటయాభై కణాల ముద్ద తయారవుతుంది. అక్కడి నుంచి దానికి గర్భాశయం తప్ప వేరే దారి లేదు. గాజు తొట్టె కంటే ఆ రెండు పిపెట్ల మధ్య వణికే చుక్కే ఎక్కువ ఉత్కంఠ ఇస్తుంది. ఒక చెయ్యి కొద్దిగా తడబడితే చాలు.

ఇప్పుడు లెక్కలు చూడు, నీ విలన్ అసలు నేరం అక్కడే ఉంది. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ అనే గొర్రెపిల్ల 1996 జులై 5న స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. దానికోసం కణంతో కలిపిన అండాలు 277. గర్భంలో పెట్టడానికి పనికొచ్చిన పిండాలు 29. వాటిని 13 గొర్రెల్లో పెడితే పుట్టింది ఒక్కటి. మనిషికి అదే పాళ్లు వేసుకో. ఒక స్త్రీకి పదిరోజులకి అటూఇటూగా హార్మోన్ ఇంజెక్షన్లిచ్చి, మత్తులో సూదితో తీస్తే ఒక విడతకి పది, పదిహేను అండాలు వస్తాయి. అంటే ఒక్క బిడ్డ కోసం ఇరవైమందికి పైగా స్త్రీల నుంచి అండాలు తియ్యాలి, పదిమందికి పైగా గర్భం మొయ్యాలి. వాళ్లు ఎవరు? ఎలా వచ్చారు? ఎవరు డబ్బుకి ఒప్పుకున్నారు, ఎవర్ని మోసం చేశారు? నీ స్క్రిప్టులో వందమంది క్లోన్లున్నారు గానీ కన్నతల్లి ఒక్కత్తీ లేదు. ఆ లోటు పూడిస్తే నీకు సినిమా మొత్తాన్ని మోయగల సాక్షి దొరుకుతుంది: ఏ బిడ్డని మోసిందో తెలియకుండా మోసి, కాన్పయ్యాక బిడ్డ ముఖం చూడటానికి నోచుకోని స్త్రీ.

ఎందుకిన్ని పోతాయో కూడా తెలియాలి. చర్మ కణంలో చర్మానికి అక్కర్లేని జన్యువులన్నీ రసాయన గుర్తులతో మూసి ఉంటాయి. అండం వాటిని కొద్ది గంటల్లో చెరిపి మొదటికి తేవాలి. సగం చెరిగితే పిండం మధ్యలో ఆగిపోతుంది, లేదా మాయ (ప్లాసెంటా) విపరీతంగా పెరుగుతుంది, లేదా బిడ్డ మామూలు కంటే పెద్దదై కాన్పే ప్రమాదమవుతుంది. అంతరించిపోయిన పైరెనీస్ పర్వతాల అడవి మేకని 2003లో క్లోనింగ్‌తో పుట్టించగలిగారు. ఊపిరితిత్తి లోపంతో అది నిమిషాల్లోనే పోయింది. 2018లో షాంఘై శాస్త్రవేత్తలు ప్రకటించిన మకాక్ కోతుల వివరాలు నీకు ఇంకా పనికొస్తాయి. గర్భస్థ పిండం కణాలతో చేసిన 79 పిండాల్ని 21 కోతుల్లో పెడితే రెండు పిల్లలు బతికాయి. పెద్ద కోతి కణాలతో 181 పిండాల్ని 42 కోతుల్లో పెడితే పుట్టిన రెండూ బతకలేదు. అంటే పెద్దవాడి కణం కంటే పుట్టకముందు దాచిన కణం మేలు. నీ కోటీశ్వరుడి తల్లికి గర్భస్రావమై, ఆ కణాలు ఎక్కడో ద్రవ నైట్రోజన్‌లో ఉన్నాయనుకో. అప్పుడు పుట్టేవాడు కోటీశ్వరుడి క్లోన్ కాదు, అతనికి పుట్టకుండా పోయిన తోబుట్టువు. ఈ ఒక్క మలుపుకే నీ మూడో అంకం మారిపోతుంది.

మనిషి విషయంలో 2013లో అమెరికాలోని ఒరెగాన్‌లో శాస్త్రవేత్త షూక్రాత్ మిటాలిపోవ్ బృందం క్లోన్ పిండాల నుంచి మూలకణాలు (శరీరంలో ఏ కణంగానైనా మారగలవి) తియ్యగలిగింది. గర్భంలో పెట్టలేదు. నీ కల్పన మొదలవ్వాల్సిన గీత అదే.

వయసు సంగతికి వద్దాం. క్లోన్ అంటే ఆలస్యంగా పుట్టిన కవల. పసిబిడ్డగా పుడతాడు, ఏడాదికి నడుస్తాడు. డాలీ కబురు బయటికొచ్చిన 1997 తర్వాత ఏడాదికి ఎవరో రహస్యంగా చేశారనుకున్నా, 2028లో వాడికి ముప్పై లోపే. కణం ఇచ్చినవాడికి అప్పుడు ముప్పై ఉంటే 2028కి అరవై. అందుకే నీ ద్విపాత్రాభినయం ఒకే వయసు వాళ్లది కాకూడదు. అరవై ఏళ్ల మనిషి తన ముప్పయ్యో ఏటి ముఖం గన్ పట్టుకుని ఎదురుగా నిలబడితే చూడాలి. నీకు వేగంగా పెరగడమే కావాలంటే దాన్నే నీ ఒక్క అబద్ధంగా తీసుకో, కానీ ఖర్చు రాయి. రెండేళ్లలో ఇరవై ఏళ్లు పెరిగే శరీరానికి ఆకలి ఎంత, రాత్రుళ్లు ఎముకలు ఎంత నొప్పెడతాయి, భాష ఎప్పుడు నేర్చుకున్నాడు? జ్ఞాపకాలు డీఎన్‌ఏలో ఉండవు, ఆ దారి మూసెయ్. క్లోన్లు త్వరగా ముసలివాళ్లై చస్తారన్న పాత మలుపు కూడా వద్దు. డాలీ 2003లో చనిపోయింది ఒక వైరస్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల కణుతులతో. డాలీని పుట్టించిన కణాల నుంచే పుట్టిన నాలుగు గొర్రెలు ఆరోగ్యంగా ముసలివయ్యాయని 2016లో నాటింగ్‌హామ్ పరిశోధకులు చూపించారు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదల్చింది ఇది: నీ యాక్షన్ అంతా పోలికల మీద కట్టావు, తేడాల మీద కట్టాలి. సమరూప కవలలకి లాగే క్లోన్‌కీ వేలిముద్రలు వేరు, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) గీతలు వేరు. ఎందుకంటే అవి గర్భంలో ఒత్తిళ్లని, కదలికల్ని బట్టి కూడా ఏర్పడతాయి. నేరస్థలంలో రక్తం దొరికితే మామూలు డీఎన్‌ఏ పరీక్ష ఇద్దర్నీ ఒకడే అంటుంది. గ్లాసు మీద ముద్ర మాత్రం ఇద్దరంటుంది. ఒకే కేసులో రెండు నివేదికలు ఒకదానికొకటి అడ్డం తిరిగితే, ఆ ఫోరెన్సిక్ అధికారిణి ముఖమే నీ మధ్య మలుపు. ఆమెకి చివరి ఆధారం కూడా ఉంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని 37 జన్యువులు అండం ఇచ్చిన స్త్రీవి. ఆ పరీక్ష చేస్తే ఇద్దరూ విడిపోవడమే కాదు, అండం ఎవరి వంశానిదో కూడా ఆచూకీ దొరుకుతుంది. ఈ లెక్కన నలభయ్యొకటో పేజీలో క్లోన్ బొటనవేలితో లాకర్ తెరవడం కుదరదు. తలుపు తెరుచుకోదు, అలారం మోగుతుంది. అలా రాయి, నువ్వు రాసినదానికంటే బాగుంటుంది. రూపం మీద కూడా అతి నమ్మకం వద్దు. 2001 డిసెంబరులో టెక్సస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లి సీసీకి, కణమిచ్చిన మూడు రంగుల పిల్లికున్న నారింజ రంగు రానే లేదు. ఆ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడ జంతువు కణాల్లో రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడి ఉంటుంది. తీసుకున్న కణంలో నారింజ రంగు ఎక్స్ మూతపడి ఉంది, క్లోన్‌లోనూ అలాగే ఉండిపోయింది.

నైపుణ్యం కూడా పుట్టుకతో రాదు. కణమిచ్చినవాడు కమాండో అయితే క్లోన్‌కి ఆ ఎత్తు, ఆ కీళ్లు, గుండెకి అంతటి సామర్థ్యం రావచ్చు. శిక్షణ రాదు. ఇంకా లోతుకి వెళ్లు. నీ క్లోన్ ఇరవై ఐదేళ్లు ఒకే భవనంలో పెరిగాడు కదా. ఆరుబయట వెలుతురులో తక్కువగా తిరిగే పిల్లలకి హ్రస్వదృష్టి ఎక్కువగా వస్తుంది. వాడు మొదటిసారి డాబా మీదికి వచ్చినప్పుడు వంద గజాల అవతల అంతా మసక. తుపాకీ దొరికినా దూరంగా ఉన్నవాణ్ని కొట్టలేడు. కారిడార్‌లో, గదిలో, చెయ్యి చాపితే అందే దూరంలో మాత్రం వాణ్ని ఎవరూ ఆపలేరు, ఎందుకంటే వాడి లోకమంతా అంతే. కణమిచ్చినవాడు దూరం పెంచాలని, వీడు దూరం తగ్గించాలని చూస్తారు. క్లైమాక్స్ ఫైట్‌కి ఇంతకంటే స్పష్టమైన వ్యూహం అక్కర్లేదు. ప్రతి అడుగుకీ కారణం ఉంటుంది. ప్రేక్షకుడికి ఎవరు ఎవరో చొక్కా రంగుతో చెప్పాల్సిన పని కూడా ఉండదు, కళ్లు చికిలించేవాడే క్లోన్. బయటి జలుబు కూడా వాడికి కొత్తే. తప్పించుకున్న నాలుగో రోజు జ్వరంతో పడిపోనీ.

అవయవాల కోసమే క్లోన్లని పెంచుతున్నారంటే గడియారం నీకు తయారుగా ఉంది. మామూలుగా ఐసు పెట్టెలో పెట్టి తీసుకెళ్లే గుండెని నాలుగు గంటల్లో, మహా అయితే ఆరు గంటల్లో అమర్చాలి. కిడ్నీ ఒక రోజు దాటినా పనికొస్తుంది. కాబట్టి గుండె కావాలనుకున్నవాడు క్లోన్‌ని దూరదేశంలో ఉంచడు. నీ దీవి సీన్లు తీసెయ్, లేదా ఆసుపత్రినే దీవికి తీసుకెళ్లు. చట్టం గురించి రెండు మాటలు చాలు. 2005లో ఐక్యరాజ్యసమితి మానవ క్లోనింగ్‌ని నిషేధించమని చేసిన ప్రకటనకి 84 ఓట్లు అనుకూలం, 34 వ్యతిరేకం, 37 దేశాలు తటస్థం. అది ఎవర్నీ కట్టిపడెయ్యదు. నీ విలన్ లాయరుకి ఆ ఒక్క వాక్యం ఇవ్వు.

ఇక కాగితం మీద డబుల్ రోల్. రెండు ముఖాలూ ఒకే ఫ్రేములో కనిపించే షాట్ ప్రతిసారీ భారం. కెమెరా కదలకపోతే ఫ్రేముని మధ్యలో చీల్చే మాస్క్ షాట్ సరిపోతుంది, కానీ ఇద్దరిలో ఎవరి చెయ్యీ నీడా ఆ గీత దాటకూడదు. కెమెరా కదలాలంటే మోషన్ కంట్రోల్ యంత్రం అదే కదలికని మళ్లీ మళ్లీ అచ్చంగా చెయ్యాలి. ఒకరినొకరు తాకితే డూప్ మీద ముఖం అతికించాలి. నీ స్క్రిప్టులో అలాంటివి యాభై రెండు లెక్కపెట్టాను. పన్నెండుకి తగ్గించు. వాటిలో తాకేవి మూడే ఉండనీ, ఆ మూడూ కథ తిరిగే చోట్లే పెట్టు. మిగతావి ఒకడి భుజం మీదుగా ఇంకొకణ్ని చూపిస్తే గడిచిపోతాయి. మాట్లాడుకునే సీన్లలో ఎవరు సంభాషణని నడిపిస్తున్నారో రాసిపెట్టు. నటుడు ఆ పాత్రని ముందు చేస్తాడు, తర్వాత తన గొంతే చెవిలో వింటూ రెండోది చేస్తాడు. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడే డైలాగులు అలాంటి షాట్లలో పెట్టకు, కుదర్చడం నరకం.

మళ్లీ రాసేటప్పుడు డైలాగుల పైన ‘క్లోన్ 1’, ‘క్లోన్ 7’ అని రాయకు. విలన్ నోట నంబరు ఉండొచ్చు. నీ కాగితం మీద మాత్రం మొదటి సీన్ నుంచే వాళ్లకి పేర్లుండాలి. మోసిన తల్లి చాటుగా పెట్టుకున్న పేరైతే ఇంకా మంచిది, దాన్ని ఎప్పుడు ఎవరితో పలికించాలో ముందే తేల్చుకో. మొదటి ముప్పై పేజీలు అయ్యాక పంపు.

ఆశీస్సులతో,
నీ అన్న