వంగ, మిరప, పత్తి ఏకవార్షికాలైతే కాపు అయ్యాక కూడా ఎందుకు బతికుంటున్నాయి?

మీ సందేహం సరైనదే. పాఠంలో వంగ, మిరప, పత్తి ఏకవార్షికాలని, అంటే ఒక్క సీజన్లో బతుకు ముగించే మొక్కలని రాశారు, పెరట్లో చూస్తే కాపు తగ్గాక కూడా మొక్క పచ్చగానే ఉంది, దేన్ని నమ్మాలని అడిగారు. పాఠంలో ఉన్నది మనం వాటిని సాగుచేసే తీరు. స్వభావం చూస్తే ఈ మూడూ బహువార్షికాలే. కంది, ఆముదం కూడా అంతే. మంచు పడని చోట నీరు అందితే ఏళ్ళు బతుకుతాయి. సీజన్ దాటితే దిగుబడి పడిపోతుంది, పురుగులు, తెగుళ్ళు పేరుకుంటాయి కాబట్టి మనమే పీకేస్తాం.

నేను చాలాకాలంగా కూరగాయలు పండిస్తున్నాను. ముదిరిన వంగ మొక్కని నేలకి జానెడు ఎత్తున కత్తిరించి, కాస్త ఎరువేసి నీళ్ళు పెడతాను. ఎండుకట్టెలా కనిపించే ఆ మోడు మీద, పాత ఆకులు రాలిన గుర్తుల పక్కనే చిగుళ్ళు పొడుచుకొస్తాయి. మళ్ళీ పూత, మళ్ళీ కాపు. మొక్కజొన్నతో అలా కుదరదు. గింజ నిండేటప్పుడు ఆకుల్లో, కాండంలో ఉన్న సారం కంకిలోకి పోతుంది, ఆ తర్వాత మొక్క ఎండిపోవడమే.

అందుకే ఏ మొక్కనైనా నేను ముందు చూసేది ఒకటే: ఒక్కసారి పూసి చచ్చిపోతుందా, మళ్ళీ మళ్ళీ పూస్తుందా? అరటినే తీసుకోండి. గెల వేసిన చెట్టు మళ్ళీ గెల వేయదు, కానీ దుంప నుంచి వచ్చే పిలకలు తోటని నడిపిస్తాయి. చెరకు నరికాక మోళ్ళ నుంచి కార్శి తోట వచ్చేదీ ఇలాంటి శక్తితోనే. కొన్ని వెదుళ్ళు దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారి పూసి చనిపోతాయి. ఎన్నేళ్ళు బతికింది అన్నదొక్కటే చూస్తే ఈ తేడాలు తెలియవు.

ద్వివార్షికాల్లో క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్, ఉల్లి ముఖ్యమైనవి. మొదటి సీజన్లో వేరులోనో, ఆకుల్లోనో, గడ్డలోనో ఆహారం దాచుకుంటాయి, చలి తగిలాక పూకాడ వేసి, విత్తనం కట్టి చనిపోతాయి. ఇక్కడ అసలు విషయం చలి. వెచ్చగా ఉంచితే క్యాబేజీ ఏళ్ళ తరబడి పూయకుండా పెరుగుతూనే ఉండగలదు. చలి అంతగా అక్కర్లేని ఉష్ణమండల క్యారెట్ రకాలేమో అదే సంవత్సరం పూసేస్తాయి.

ఇక పెరుగుదల తీరు. పండించేవాళ్ళకి ఆయుష్షు కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. టమాటా విత్తనాల ప్యాకెట్ మీద డిటర్మినేట్, ఇన్‌డిటర్మినేట్ అని ఉంటుంది. మొక్క కాస్త ఎదిగాక ప్రధాన కొమ్మ మీద రెండు పూగుత్తుల మధ్య ఆకులు లెక్కపెట్టండి. తీగలా సాగే ఇన్‌డిటర్మినేట్ రకంలో మామూలుగా మూడేసి ఆకులకో గుత్తి వస్తుంది, కొస సాగుతూనే ఉంటుంది. డిటర్మినేట్ రకంలో పైకి పోయేకొద్దీ గుత్తుల మధ్య ఆకులు తగ్గి, చివరికి కొస పూగుత్తితోనే ఆగిపోతుంది. ఇన్‌డిటర్మినేట్ రకానికి పొడవాటి ఊతకర్రలు కట్టి, పక్క చిగుళ్ళు గిల్లుతూ ఉండాలి, కాయలు నెలల తరబడి వస్తాయి. డిటర్మినేట్ రకానికి చిగుళ్ళు గిల్లితే కాపే పోతుంది! కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు రెండింటికీ ఒకటే పద్ధతి పాటించడం చూస్తే బాధేస్తుంది.

కందిలోనూ ఈ రెండు రకాలున్నాయి. డిటర్మినేట్ కందికి కొసల్లో గుత్తులుగా కాయలొస్తాయి, దాదాపు ఒకేసారి పక్వానికి వస్తాయి, కోత తేలిక. కాయతొలుచు పురుగు సరిగ్గా అదే సమయానికి వస్తే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. పూత కొమ్మ పొడవునా విడతలుగా వచ్చే రకాలు మొదటి పూత పోయినా కొంత కోలుకుంటాయి.

వేరుశనగలో గుత్తి రకం, తీగ రకం అనే తేడా చూడటానికి ఆకారం గురించే అనిపిస్తుంది, కానీ కోత మీదా ప్రభావం ఉంది. గుత్తి రకాల ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) మొదలు దగ్గరే దిగుతాయి, పీకడం సులువు. వాటిలో చాలావాటి గింజలకి నిద్రావస్థ ఉండదు, కోత సమయంలో వానపడితే నేలలోనే మొలకెత్తుతాయి. తీగ రకాల గింజలకి సాధారణంగా నిద్రావస్థ ఉంటుంది. అందుకని గుత్తి రకం వేస్తే, కాయ ముదిరాక వాన సూచన కనిపించగానే పీకేయండి.